నాలుగో మజిలీ

జనగామ
జూలై 7

ఉమా,

ఈసారి ఆలస్యం నాదే. రెండు నెలలకు ఒక ఉత్తరమన్నది హాస్టల్‌లో మనం పెట్టుకున్న ఒప్పందం. ఫోన్‌లో పలకరించుకున్నవి లెక్కకు రావన్నది నీ నియమం. ఒప్పుకుంటున్నాను. ఈ ఆలస్యానికి పరిహారంగా ఒక మంచి సంగతి చెబుతాను.

పోయిన ఆదివారం డోర్నకల్ పోయి 'నేర నడక' చేసి వచ్చాను. నవ్వకు. నా దగ్గర డిగ్రీ చదివిన సంజయ్ అని ఒకతను ఉన్నాడు. ఆరేళ్లు పోటీ పరీక్షలు రాసి విసిగి, ఇప్పుడు అక్కడి పాత రైల్వే బస్తీలో ఆదివారం సాయంత్రాలు జనాన్ని వెంటేసుకుని తిప్పుతున్నాడు. పాత హత్యలు, మాయమైన మనుషులు, దొరకని దొంగలు. ఆరు మజిలీలు, గంటన్నర నడక, చివర్లో మిర్చి బజ్జీ, చాయ్. వరంగల్ నుంచీ ఖమ్మం నుంచీ రైలెక్కి మరీ వస్తున్నారు. నేను పోయిన రోజు ఇరవై మంది దాకా ఉన్నారు.

వాడు చెప్పే తీరు బాగుంది. రెండో మజిలీ ఒక గార్డు ఉన్న క్వార్టర్. గూడ్సు బండితో పోయినవాడు తిరిగి రాలేదట, తెల్లారి ఇంకో బండిలో అతని టిఫిన్ డబ్బా ఒక్కటీ వచ్చిందట, శుభ్రంగా కడిగి. వెనక నుంచి ఒకామె, "కడిగి పంపిండంటే పెండ్లాం అంటే భయం ఉన్నోడే" అంది. అందరం పగలబడి నవ్వాం.

నాలుగో మజిలీ పాత గూడ్సు షెడ్డు. అందరూ ఎదురుచూసేది దాని కోసమే. 1991లో కాటమయ్య అనే హమాలీ మేస్త్రి అక్కడ హత్యకు గురయ్యాడు. వ్యాగన్ల కింద రాలిన గింజలు ఊడ్చుకునే ఒక లంబాడీ ఆమె చంపిందట. శవం పక్కన ఆమె గాజు దొరికింది. సంజయ్ ఆమెను 'గాజుల చాందీ' అంటాడు. సంచిలోంచి తెల్లటి గాజు ఒకటి తీస్తాడు, మీ వాళ్లు మోచేతి పైన తొడుక్కుంటారే, అట్లాంటిది. అంచుకు ఎర్రరంగు పూసి పెట్టాడు. దాంతో ఫోటోలు దిగడానికి జనం వరుస కడతారు. నేనూ దిగాను. ప్రింటు తీయించి పంపుతున్నాను చూడు, నలభై నాలుగేళ్ల లెక్చరర్ వేషాలు.

తిరుగు రైల్లో మాత్రం కాస్త గుంజాటన పడ్డాను. ఎవరి చావునో మన బజ్జీలతో నంజుకోవడం సరైనదేనా అని. కానీ అప్పటివాళ్లు ఎవరున్నారు ఇప్పుడు అడగడానికి అని సర్దుకున్నాను. నువ్వేమంటావు?

యాడి బాగున్నారా? ఆమె చేతి జొన్నరొట్టె తిని చాలా రోజులైంది. ప్రేమ్‌చంద్ గారినీ సౌందర్యనూ అడిగానని చెప్పు.

నీ
రేణు


భూపాలపల్లి
జూలై 20

రేణుకా,

ఉత్తరం అందింది. ఫోటో కూడా.

రెండు సంగతులు తెలియాలి. చాందీకి తర్వాత ఏమైందని అతను చెబుతున్నాడు? ఆ గాజు మోచేతి పైన తొడుక్కునేదని అతనికి ఎవరు చెప్పారు?

వెంటనే రాయి. ఫోన్ చేయకు. నా ఫోన్ ఇంట్లో అందరి చేతుల్లో తిరుగుతుంది.

ఉమ


జనగామ
జూలై 29

ఉమా,

ఇరవై రెండేళ్లలో నువ్వు నన్ను 'రేణుకా' అని పిలిచింది మూడుసార్లు. రెండుసార్లు నేను నీ చీర కాల్చినప్పుడు. ఇది మూడోది. ఏం కాల్చానో అర్థం కాలేదు.

అడిగినవి చెబుతాను. ఆమెకు ఏమైందో ఎవరికీ తెలియదు. శిక్ష పడి ఉంటుందనీ, ఈపాటికి పోయి ఉంటుందనీ సంజయ్ అంటాడు. కథంతా ఒక పాత వారపత్రికలోదట. గాజు సంగతి కూడా అట్లాగే ఎక్కడో చదివి ఉంటాడు. చదువుతాడు వాడు, ఆ గుణం ఉంది.

మీ వాళ్లను చిన్నబుచ్చినట్టు నీకు అనిపించిందేమో. నిజం చెప్పాలంటే వాడు ఆమెను తక్కువ చేసి మాట్లాడడు. మేస్త్రి మీద తిరగబడిన మనిషిగానే చెబుతాడు. వింటే నీకే ఒకరకమైన గర్వం కలుగుతుంది. ఒక ఆదివారం వస్తావా? ఇద్దరం పోదాం.

నీ
రేణు


భూపాలపల్లి
ఆగస్టు 11

రేణుకా,

పది రోజులు ఆగి రాస్తున్నాను, కోపంలో రాయకూడదని. ఆగినా కోపం తగ్గలేదు. కనుక రాస్తున్నాను.

గాజుల చాందీ మా యాడి.

మా భాషలో యాడి అంటే అమ్మ అని హాస్టల్‌లో నీకు మొదటి రోజే చెప్పాను. నువ్వూ ఆమెను యాడి అనే పిలిచావు. ఆమె చేసిన జొన్నరొట్టెలు తిన్నావు, ఆమె కుట్టిన బొంత కప్పుకున్నావు. ఆమెకు ఒక పేరు ఉంటుందని ఇరవై రెండేళ్లలో నీకు తట్టలేదు.

అప్పుడు నాకు పదేళ్లు. నాయిన 1989లో పాము కరిచి పోయాడు. మరిపెడ దగ్గరి తండా నుంచి యాడి నన్ను తీసుకుని డోర్నకల్ వచ్చి గూడ్సు షెడ్డులో గింజలు ఊడ్చే పనిలో చేరింది. కాటమయ్య చనిపోయిన ముందురోజు అతను యాడి గంప తన్నాడు. నీ కాళ్లు విరుగుతాయని యాడి అందరి ముందూ తిట్టింది. తెల్లారి అతను శవమయ్యాడు. పక్కన లంబాడీ గాజు ఒకటి దొరికింది. లంబాడీ గాజు, లంబాడీ ఆమె తిట్టింది, ఇంకేం కావాలి? తీసుకుపోయారు.

పధ్నాలుగు నెలలు జైల్లో ఉంది. యాడికి అప్పుడు తెలుగు సరిగా రాదు. ఆమె చెప్పేది ఒకటి, రాసుకునేవాళ్లు రాసుకునేది ఇంకొకటి. చివరికి మా మామ భీమ్లా వకీలుకు ఒక్క ముక్క అర్థమయ్యేట్టు చెప్పగలిగాడు. నీకూ ఇప్పుడు చెబుతాను, చరిత్ర లెక్చరర్‌వి కదా. మాలో మోచేతి పైన గాజులు మొగుడు ఉన్న ఆడదానికే. మొగుడు పోయిన రోజే అవి తీసేస్తారు. శవం పక్కన దొరికింది మోచేతి పైన తొడుక్కునే పెద్ద గాజు. యాడి చేతులు అప్పటికి రెండేళ్ల నుంచి ఖాళీ. కోర్టులో తండా ఆడవాళ్లు వరుసగా నిలబడి అదే చెప్పారు. కేసు కొట్టేశారు. కాటమయ్యను ఎవరు చంపారో యాడికీ తెలియదు, ఎవరికీ తెలియదు.

బయటికి వచ్చాక తండాలో ఉండలేదు. బొగ్గు గనులు తెరుస్తున్నారంటే ఇటు వచ్చి మట్టి పనిలో చేరింది. నన్ను చదివించింది. ఈ ఊళ్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. కట్టుకున్న ప్రేమ్‌చంద్‌కు సగమే చెప్పాను. కన్న కూతురు సౌందర్యకు అసలు చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు కాపాడుకున్నదాన్ని నీ శిష్యుడు ఆదివారం ఆదివారం బజ్జీలతో అమ్ముతున్నాడు.

నువ్వు మా తండాకు తీజ్ పండుగకు వచ్చావు, గుర్తుందా? మా మామ పెళ్లాం చేతులు పట్టుకుని మోచేతి పైన ఎన్ని గాజులో లెక్కబెట్టావు. ఆ పక్కనే మా యాడి కూర్చుని ఉంది, ఖాళీ చేతులతో. ఎందుకని అడగలేదు.

అతని చేత ఆ మజిలీ తీయించు. ఎవరికీ తెలియకుండా తీయించు. నాకు అంతే కావాలి. ఫోటో తిప్పి పంపుతున్నాను. అది నా ఇంట్లో ఉండకూడదు.

ఉమ


జనగామ
ఆగస్టు 19

ఉమా,

పోయిన ఉత్తరంలో నేను అబద్ధం రాశాను. అది ముందు చెప్పకుండా ఇంకేం చెప్పినా నిలవదు.

గాజు మాట సంజయ్‌ది కాదు. నాది. వాడు నడక మొదలుపెట్టే ముందు రాసుకున్న కాగితాలు నాకు తెచ్చి చూపించాడు. వారపత్రికలో 'శవం పక్కన లంబాడీ స్త్రీ గాజు' అని మాత్రమే ఉంది. నేను ఎర్ర పెన్నుతో పక్కన రాశాను, 'పెళ్లయిన లంబాడీ స్త్రీలు మోచేతి పైన ధరించే గాజు, ఇది చెబితే కథకు బలం వస్తుంది' అని. మీ తండాలో, మీ వాళ్ల చేతులు పట్టుకుని నేర్చుకున్నదే అది. ఆమెను విడిపించిన ముక్కనే ఆమె మీద నేరంగా పెట్టాను.

ఇంకొకటి. ఆ పత్రికలో ఉన్నది అరెస్టు వార్త. తర్వాత ఏమైందో వెతకాలని నాకు తోచలేదు. ఆధారం దగ్గర ఆగకండి, దాని తర్వాతి కాగితం వెతకండి అని ఏటా పిల్లలకు పాఠం చెబుతాను. జీతం తీసుకుని చెబుతాను.

ఇదంతా రాస్తూ కూడా ఒక అనుమానం. నా తప్పు ఒప్పుకోవడంలో కూడా నన్ను నేను గొప్ప చేసుకుంటున్నానా అని. అది తేల్చుకునేదాకా ఆగితే ఈ ఉత్తరం పోస్టు కాదు. అందుకని పంపిస్తున్నాను.

నిన్ననే సంజయ్‌ను ఇంటికి పిలిచాను. మీ సంగతి చెప్పలేదు, కేసు కొట్టేశారని మాత్రం చెప్పాను. తప్పయిందన్నాడు. కానీ ఆ మజిలీ తీసేస్తే నడకకు ఎవరూ రారంటాడు. "పేరు తీసేస్త మేడం. ఒక ఆమె అంట అని చెప్త. సరేనా?" అన్నాడు. పేరు పోతే మీ ఇంటి దాకా రాదు కదా అని నాకూ అనిపించింది. నువ్వు సరే అంటే వచ్చే ఆదివారం నుంచే మారుస్తాడు.

రేణుక


భూపాలపల్లి
సెప్టెంబరు 1

రేణూ,

చేయి దాటిపోయింది.

మొన్న సౌందర్య నర్సింగ్ కాలేజీ నుంచి వచ్చి, ఫోన్‌లో ఏదో చూస్తూ, "అవ్వా, నీ పేరే చూడు" అని నవ్వుకుంటూ యాడి చేతికి ఇచ్చింది. ఎవరో తీసి పెట్టిన వీడియో. గూడ్సు షెడ్డు, నీ సంజయ్, చేతిలో గాజు. నేను వంటింట్లోంచి పరుగెత్తి వచ్చేసరికి చూసేసింది. మళ్లీ పెట్టమంది. మూడుసార్లు పెట్టించుకుని చూసింది. సౌందర్య నవ్వు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు.

యాడి అరవలేదు, ఏడవలేదు. ఆ గాజు మోచేతి పైది, చూశావా అని నన్ను అడిగింది. ఇక దాచడానికి ఏమీ లేక నీ ఉత్తరాలు తెచ్చి ఇద్దరికీ చదివి వినిపించాను. నువ్వు తప్పు ఒప్పుకున్నది కూడా. పేరు తీసేస్తానన్న చోటుకు రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"పేరెందుకు తీస్తడు? నేనేమన్న దొంగనా? పధ్నాలుగు నెలలు జైల్ల కూసున్న పేరు గది. పేరు ఉండాలె. కథ మారాలె."

అందరికీ తెలిసిపోతుంది యాడీ, అన్నాను. ఊళ్లో ఏమంటారో, సౌందర్యను ఏమంటారో అన్నాను.

"నన్ను కోర్టు ఇడిచిపెట్టింది బిడ్డా. నువ్వే ఇడువలే."

ఆ మాట తర్వాత సౌందర్య కూడా నాతో సరిగా మాట్లాడడం లేదు. తనకెందుకు చెప్పలేదని ఒక్కసారి అడిగి ఊరుకుంది.

యాడి డోర్నకల్ పోతానంటోంది. ఆ నడకకే, అందరిలో ఒకతెగా, టికెట్టు కొనుక్కుని. నిన్ను తోడు రమ్మంది. సంజయ్‌కి ముందుగా చెప్పవద్దంది. చెబితే కుర్చీ వేసి కూర్చోబెట్టి తనే మాట్లాడతాడట. సౌందర్య ఆమెతో వస్తుంది. ఇరవై రెండో తారీకు పొద్దున బస్సులో వరంగల్ వస్తారు. స్టేషన్ దగ్గర కలుసుకో. అక్కడి నుంచి రైలు.

నేను రావడం కుదరదు. ఆ రోజు బడిలో సమావేశం ఉంది.

యాడికి మోకాళ్ల నొప్పి. మెట్ల దగ్గర చెయ్యి ఇస్తే పట్టుకోదు. ఇవ్వు.

ఉమ


మహబూబాబాద్
సెప్టెంబరు 23

ఉమా,

నిన్న నడక అయ్యాక యాడినీ సౌందర్యనూ మీ మామ భీమ్లా వచ్చి మరిపెడ బండి ఎక్కించి తీసుకుపోయారు. నేను ఇక్కడ మా చిన్నమ్మ ఇంట్లో ఆగిపోయాను. సౌందర్య నీకు ఫోన్‌లో చెప్పే ఉంటుంది. కానీ తను వెనక నిలబడింది, యాడి ముఖం చూడలేదు. చూసింది నేను. అందుకని రాస్తున్నాను.

రైల్లో నాతో ఆమె మాట్లాడింది తక్కువ. క్షమించమని అడగాలని మాటలు కూడగట్టుకుంటుంటే, కిటికీలోంచి చూస్తూ పత్తి ఈసారి పొట్టిగా ఉందని అంది. నా మాటలు మింగేశాను. మెట్ల దగ్గర చెయ్యి ఇచ్చాను. నువ్వన్నట్టే పట్టుకోలేదు.

పదిహేడు మంది ఉన్నాం. మొదటి మజిలీలో ఆమె అందరికంటే వెనక ఉంది. రెండోదాంట్లో టిఫిన్ డబ్బా గార్డు కథకు నవ్వింది. ఆ గార్డు తనకు తెలుసట, మాయం కాలేదట, ఇంకో ఊళ్లో ఇంకో ఇల్లు పెట్టాడట. సౌందర్య చెవిలో చెబితే నాకూ వినపడింది. మూడో మజిలీ నుంచి మెల్లగా ముందుకు జరిగింది. గూడ్సు షెడ్డు చేరేసరికి సంజయ్‌కి రెండడుగుల దూరంలో ఉంది.

వాడు ఎప్పట్లాగే మొదలుపెట్టాడు. పేరు సంగతి నేను మళ్లీ ఏమీ చెప్పలేదు కదా, ఉంచాలో తీయాలో తేలక ఉంచేశాడు. కేసు కొట్టేశారన్నది మాత్రం చెప్పకుండా దాటేశాడు. గాజుల చాందీ అన్నాడు. సంచిలోంచి గాజు తీశాడు. యాడి చెయ్యి చాపింది. ఫోటోకేమో అనుకుని ఇచ్చాడు.

ఆమె దాన్ని తిప్పి చూసింది. ఎర్రరంగును బొటనవేలి గోరుతో గీకింది.

"గిది మోచెయ్యి పైది. నీకెవరు చెప్పిండ్రు బిడ్డా?"

సంజయ్ నా వైపు చూశాడు. ఉమా, ఆ రెండు క్షణాల్లో నేను ఎన్ని ఆలోచించానో చెబితే సిగ్గు. అందరిలో ఎందుకు, తర్వాత విడిగా చెప్పవచ్చు కదా అని కూడా అనుకున్నాను. క్లాసులో పిల్లల్లాగా చెయ్యి పైకెత్తాను.

"నేనే చెప్పిన యాడీ. తెల్వక చెప్పిన."

ఆమె తల ఊపింది. నన్ను అంతటితో వదిలేసింది. తర్వాత జనం వైపు తిరిగి, చీర కొంగు తీసి కుడిచెయ్యి పైకెత్తింది. జాకెట్టు చెయ్యి భుజం దాకా మడిచింది.

"చాందీని నేను. కాటమయ్య సచ్చేనాటికి నా మొగడు పోయి రెండేండ్లు. మొగడు పోయినంక మాకు మోచెయ్యి పైన గాజు ఉండది. గీడ నా వంటి మీద గాజు లేదు. ఎవరి గాజునో తెచ్చి నాదన్నరు. కోర్టు కాదన్నది. మీరు ఇంక నాదే అంటున్నరు."

ఒక పెద్దమనిషి, ఖమ్మం నుంచి వచ్చినట్టున్నాడు, మరి నువ్వు కాకుంటే ఎవరు చంపారవ్వా అన్నాడు, కొంచెం ఎగతాళిగా.

"గది నన్నెందుకు అడుగుతవ్? నేను పోలీసునా?"

ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత అందరూ. ఆ నవ్వుకు పెద్దమనిషి తల దించుకున్నాడు.

ఆ నవ్వు మీదనే ఆమె కథంతా చెప్పింది. గంప తన్నింది, తను తిట్టింది, తిట్టినందుకు ఇప్పటికీ చింత లేదని. జైల్లో తన మాట ఎవరికీ అర్థం కాక పధ్నాలుగు నెలల్లో తెలుగు నేర్చుకున్నదట, సర్కారు ఖర్చుతో అని నవ్వింది. ఫోన్లు పైకి లేస్తుంటే సంజయ్ వద్దని చేతులు ఊపాడు. ఆమె వాడిని ఆపింది.

"తీసుకోనియ్యి. చెయ్యి కనవడేటట్టు తీసుకోండ్రి."

చెప్పడం అయ్యాక జనం ఐదో మజిలీకి పోవడానికి ఇష్టపడలేదు. సంజయ్ సంచి భుజానికేసుకున్నాడు. నడక ఇక్కడితో ఆపేస్తానన్నాడు, ఈ మజిలీ ఇక ఉండదన్నాడు. ఆమెకు కోపం వచ్చింది, నేను మొదటిసారి చూశాను ఆ కోపం. నాలుగోది తనదనీ, వాడు చెప్పవద్దనీ, తనే వచ్చి చెబుతుందనీ అంది. గాజు వాడికి తిరిగి ఇవ్వలేదు. కొంగుకు ముడేసుకుంది.

నాకు ఆమె చివరన చెప్పింది ఒకటే. బండి ఎక్కుతూ, తన పేరు ఇప్పుడు తెలిసింది కదా అంది. నేను 'చాందీబాయి' అన్నాను. "యాడి అన్న పర్వాలేదు. గని తెలిసి అను" అంది.

నువ్వు నన్ను క్షమించావా అని అడగాలని ఉంది. అడిగే హక్కు ఉందో లేదో తేలడం లేదు. అడిగాననే అనుకో.

ఇంకొకటి. ఆదివారం నాడు బడిలో సమావేశం ఏమిటి ఉమా?

రేణు


భూపాలపల్లి
అక్టోబరు 6

రేణూ,

సమావేశం లేదు. ఆ రోజంతా వాకిలి తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నాను. నాకు పదేళ్లప్పుడు యాడిని తీసుకుపోయిన రోజు కూడా అట్లాగే తలుపేసుకున్నాను. ముప్ఫై మూడేళ్లలో నేను నేర్చుకున్నది తలుపు గట్టిగా వేయడం ఒకటే.

యాడి తండాలో వారం ఉండి వచ్చింది. పండుగలకు పోయి రావడమే తప్ప ముప్ఫై ఏళ్లలో అన్ని రోజులు అక్కడ ఉండలేదు. ఆ గాజును మా మామ పెళ్లాం నీళ్లలో నానబెట్టి రంగంతా కడిగిందట. ఇప్పుడు తెల్లగా మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. వచ్చినవాళ్లు ఏమిటని అడుగుతారు. యాడి చెబుతుంది. ప్రేమ్‌చంద్ మొదటిసారి మొత్తం విన్నాడు. విని, నాతో ఏమీ అనకుండా, ఆమెకు మోకాలి పట్టీ కొనుక్కొచ్చాడు.

మొన్న బడిలో స్టాఫ్ రూమ్‌లో ముత్తమ్మ టీచర్ ఫోన్ చూపిస్తూ అందరినీ పిలిచింది. గూడ్సు షెడ్డు, ఎత్తిన చెయ్యి. ఈ ముసలామె ఎవరో గానీ గట్టిది అంటోంది. జైలుకు పోయొచ్చిందట కదా అని ఇంకొకరు. నేను కాపీలు దిద్దుతున్నాను. తల ఎత్తకుండా ఊరుకుంటే గడిచిపోయేది. ఎప్పుడూ అట్లాగే గడిపాను.

పెన్ను కింద పెట్టాను.

"మా యాడి. చాందీ. పధ్నాలుగు నెలలు జైల్ల ఉండి గెలిచి వచ్చింది. ఏమన్న అడగాల్నంటే నన్నడుగుండ్రి."

భోజనాల గంట కొట్టింది. తర్వాత ముత్తమ్మ వచ్చి నా పక్కన కూర్చుని తన టిఫిన్ తెరిచింది. అది జాలో, ఆరాటమో తెలియదు. ఏదైనా ఇక నాకు పర్వాలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు నా దగ్గర లేదు. రాత్రి నీ ఎర్ర పెన్ను గుర్తొస్తే కోపం వస్తుంది, పొద్దున నువ్వు ఎత్తిన చెయ్యి గుర్తొస్తుంది. రెండూ నీవే. ఒకటి తీసేయడం నాకు చేతకావడం లేదు, తీసేయమని అడగకు.

వచ్చే ఆదివారం యాడి మళ్లీ డోర్నకల్ పోతోంది. సౌందర్య కూడా. ఈసారి నేనూ పోతున్నాను. నువ్వు రా. సంజయ్ ఊరికే రమ్మంటే ఒప్పుకోకు, టికెట్టు కొను. నాలుగో మజిలీ దగ్గర వెనక నిలబడి విను.

ముందు వరుస నాది.

ఉమ